కడప నుంచి లంకకు చిన్న విమానంలో: ప్లాన్ ఎలా వేసుకోవాలి

సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం నడిపే పైలట్ మన కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి శ్రీలంకకు వెళ్లి, ఆ దీవి చుట్టూ తిరిగి, క్షేమంగా ఇల్లు చేరడానికి ప్లాన్ ఎలా వేసుకోవాలో చెబుతాను. దూరం చూసి బెదరాల్సిందేమీ లేదు. కడప నుంచి తిరుచ్చికి నేరుగా కొలిస్తే సుమారు 225 నాటికల్ మైళ్లు (నాటికల్ మైలు అంటే 1.85 కిలోమీటర్లు, ఇకపై మైళ్లన్నీ ఇవే). తిరుచ్చి నుంచి కొలంబోకు కూడా దాదాపు అంతే. గంటకు 110 నాటికల్ మైళ్ల లెక్కన గాల్లో ఉండేది నాలుగు గంటల పైచిలుకు మాత్రమే.

అయినా ఇలాంటి ప్రయాణాలు ఇంధనం దొరక్క, అనుమతి అందక నేలమీదే ఆగిపోతుంటాయి. అందుకే ప్లాన్‌ను కడప రన్‌వే దగ్గర మొదలుపెట్టొద్దు. దీవిలో ఎక్కడ ఇంధనం పోస్తారు, ఎక్కడ దిగనిస్తారు అన్నది ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ ఇంటిదాకా రండి. అన్నీ కలిపి కనీసం రెండు నెలల వ్యవధి పెట్టుకోండి.

సొంత విమానమా, అక్కడి విమానమా

భారత్‌లో ఇచ్చిన ప్రైవేట్ పైలట్ లైసెన్సుతో మన దేశంలో రిజిస్టరైన, అంటే వీటీ గుర్తున్న విమానాన్ని విదేశానికి తీసుకెళ్లవచ్చు. 1944 నాటి షికాగో ఒప్పందం ఇచ్చిన వెసులుబాటు అది. శ్రీలంకలో రిజిస్టరైన 4ఆర్ విమానం నడపాలంటే మాత్రం అక్కడి సివిల్ ఏవియేషన్ అథారిటీ మీ లైసెన్సును ఆమోదించాలి. లేదంటే పక్క సీట్లో అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను రెండో దారే చెబుతాను. చెన్నై నుంచో బెంగళూరు నుంచో మామూలు టికెట్ మీద కొలంబో చేరండి. నగరానికి దక్షిణాన ఉన్న రత్మలానలో ఫ్లయింగ్ స్కూళ్లు ఉన్నాయి. ముందే మాట్లాడుకుని, ఇన్‌స్ట్రక్టర్‌ను వెంటబెట్టుకుని దీవి చుట్టూ ఎగరండి. అక్కడి కొండలు, రేడియోలో వాళ్లు మాట్లాడే తీరు, మధ్యాహ్నం మబ్బులు కమ్మే వేళలు కళ్లారా చూశాక సొంత విమానంతో వెళితే సగం ఆందోళన తగ్గుతుంది.

విమానం సొంతానిదైనా, క్లబ్బుదైనా ప్రైవేట్ కేటగిరీలో ఉంటే ప్రయాణికుల దగ్గర రూపాయి కూడా కిరాయి తీసుకోకూడదు. బంధువులు ఖర్చులకని ఇవ్వబోయినా వద్దనండి. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది దాని గురించే. డబ్బు తీసుకుని తిప్పాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కావాలి. అది వేరే వ్యవహారం.

ఇంధనం ముందు తేల్చండి

పెద్ద విమానాలు వాడే జెట్ ఏ-1 దాదాపు ప్రతి ఎయిర్‌పోర్టులో దొరుకుతుంది. పిస్టన్ ఇంజన్‌కు కావాల్సిన ఆవ్‌గ్యాస్ అలా దొరకదు. మన దేశంలో దీన్ని తయారుచేయడం ఇండియన్ ఆయిల్ 2022లోనే మొదలుపెట్టింది. అంతకుముందు అంతా దిగుమతే. ఇప్పటికీ ప్రధానంగా ఫ్లయింగ్ స్కూళ్లున్న చోటే నిల్వ ఉంటుంది. మీ విమానం జెట్ ఏ-1తో నడిచే డీజిల్ ఇంజన్ రకం, ఉదాహరణకు డైమండ్ డీఏ40 ఎన్‌జీ అయితే ఈ చిక్కు చాలావరకు ఉండదు.

ఆవ్‌గ్యాస్ విమానమైతే తిరుచ్చి లేదా మదురైలో, తర్వాత కొలంబోలో ఎన్ని లీటర్లు, ఏ తేదీకి, ఏ ధరకు ఇస్తారో సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో ‘ఉంటుంది లెండి సార్’ అన్న మాట మీద సముద్రం దాటవద్దు. డ్రమ్ముల్లో తెప్పించుకుంటే సీలు, తేదీ చూడండి. 100ఎల్ఎల్ ఆవ్‌గ్యాస్ లేత నీలి రంగులో ఉంటుంది. రెక్కల కింద డ్రెయిన్ తీసి రంగు, నీటి చుక్కలు చూసేదాకా ట్యాంకు మూత దగ్గర నుంచి కదలవద్దు. ఎప్పుడూ జెట్ విమానాలకే పోసే ఫీల్డులో పిస్టన్ విమానానికి పొరపాటున జెట్ ఇంధనం పోసే ప్రమాదం నిజంగానే ఉంది.

ఇప్పుడు లెక్క. సెస్నా 172ఎస్‌లో వాడుకోదగిన ఇంధనం 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. గంటకు 34 లీటర్లు తాగుతుందనుకుందాం. తిరుచ్చి నుంచి కొలంబోకు, కింద నేను చెప్పబోయే దారిలో, 238 నాటికల్ మైళ్లు. రెండు గంటల పది నిమిషాలకు 74 లీటర్లు. ఎదురుగాలికి పదో వంతు కలపండి. కొలంబోలో దిగలేకపోతే దీవి దక్షిణాన ఉన్న మత్తల వెళ్లడానికి 92 మైళ్లు, 29 లీటర్లు. చివరికి 45 నిమిషాల రిజర్వు, 26 లీటర్లు. స్టార్టు, ట్యాక్సీ, క్లైంబు కూడా కలిపితే దాదాపు 145 లీటర్లు. ట్యాంకులు నింపుకుంటే నిశ్చింత.

అయితే నిండు ట్యాంకులకు బరువు ఉంది. 200 లీటర్ల ఆవ్‌గ్యాస్ 144 కిలోలు తూగుతుంది. ఈ విమానం గరిష్ఠ టేకాఫ్ బరువు 1157 కిలోలు. ఖాళీ బరువు మీ వెయింగ్ రిపోర్టులో చూడండి. అది 775 అనుకుంటే మనుషులకు, సామానుకు మిగిలేది 238 కిలోలే. ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కితే పెట్టెలకు చోటుండదు. నాలుగు సీట్లున్నాయని నలుగురిని పిలవకండి. ఇద్దరు, లైఫ్ రాఫ్ట్ (నీటిలో తేలే అత్యవసర పడవ), చిన్న సంచులు అన్నదే సముద్రం మీదికి వెళ్లే 172కు తగిన బరువు.

దేశం ఎక్కడ దాటాలి

కడప, ఓర్వకల్లు (కర్నూలు విమానాశ్రయం), పుట్టపర్తి మూడింట్లో దేనికీ కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ లేవు. కడపలో 2015 నుంచి, ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు తిరుగుతున్నా అవి దేశీయ విమానాశ్రయాలే. పుట్టపర్తిది ప్రైవేట్ ఫీల్డు, అక్కడ ముందస్తు అనుమతి లేకుండా దిగడానికి వీల్లేదు. అంటే మొదటి అంచె దేశంలోనే, కస్టమ్స్ ఉన్న ఎయిర్‌పోర్టు దాకా. తిరుచ్చి, మదురై, చెన్నై, బెంగళూరు అందుబాటులో ఉన్నవి. కర్నూలు వాళ్లకు తిరుచ్చి 300 మైళ్ల దూరం, ఒక్క దెబ్బలో వెళ్లగలరు గానీ కడపలో ఒకసారి దిగి నడుం చాపుకుంటే మంచిది. పుట్టపర్తి నుంచి తిరుచ్చి 210 మైళ్లు.

నా ఓటు తిరుచ్చికే. చెన్నై, బెంగళూరులో జెట్ల రద్దీ మధ్య చిన్న విమానానికి పార్కింగ్, స్లాటు రెండూ కష్టం. తిరుచ్చి నుంచి యాళ్పాణం, అంటే జాఫ్నా, వంద మైళ్లు కూడా లేదు. అవసరమైతే అక్కడే దిగవచ్చా అని అడిగి ఉంచుకోవచ్చు. ఎక్కడ దాటినా అక్కడ ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెంటును కుదుర్చుకోండి. విమానం, అందులోని మనుషుల వివరాలు రాసిచ్చే జనరల్ డిక్లరేషన్ ఎన్ని కాపీలు కావాలి, ఇమ్మిగ్రేషన్ అధికారిని ఏ కౌంటరుకు పిలిపించాలి అన్నవి ఆ ఊరి ఏజెంటుకే తెలుస్తాయి. ఆ ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

పాక్ జలసంధి: ఏ దారిన, ఎంత ఎత్తున

ఒకే ఇంజన్ ఉన్న విమానానికి అసలు ప్రశ్న ఒక్కటే. ఇంజన్ ఆగితే జారుకుంటూ నేల అందుకోగలమా, లేదా? సెస్నా 172 గాలి లేని వేళ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారగలదు.

తిరుచ్చి నుంచి కొలంబోకు పటం మీద సూటిగా గీత గీస్తే అది పాంబన్ పక్కగా పోయి మన్నార్ సింధుశాఖ మీదుగా లంక పడమటి తీరానికి చేరుతుంది. అంటే 60 మైళ్లకు పైగా నీటి మీదే. ఆ గీతను కొంచెం వంచండి. తిరుచ్చి నుంచి ధనుష్కోటి, అక్కడి నుంచి తలైమన్నార్, ఆపైన లంక పడమటి తీరం వెంట కొలంబో. మొత్తం దూరం పెరిగేది 12 మైళ్లే, ఏడు నిమిషాల ప్రయాణం. ధనుష్కోటి, తలైమన్నార్ నడుమ నీటి మీది భాగం మాత్రం 16 మైళ్లే. ధనుష్కోటి మొన నుంచి తలైమన్నార్‌కు 30 కిలోమీటర్లకు మించదు. కింద రామసేతువు ఇసుక తిన్నెలు వరుసగా కనిపిస్తుంటాయి. మన ఊళ్ల నుంచి రామేశ్వరం యాత్రకు వెళ్లినవాళ్లు గట్టు మీద నిలబడి చూసిన సముద్రం అదే.

ఆ దిశలో వెళ్లేటప్పుడు మాగ్నెటిక్ ట్రాక్, అంటే దిక్సూచి ప్రకారం వెళ్లే దిశ, 180 డిగ్రీల లోపు ఉంటుంది కాబట్టి విఎఫ్ఆర్ (కళ్లతో బయట చూస్తూ ఎగిరే పద్ధతి) ఎత్తు 7,500 లేదా 9,500 అడుగులు. 9,500 తీసుకోండి. అక్కడి నుంచి 14 మైళ్లు జారవచ్చు, సగం దూరమేమో ఎనిమిది మైళ్లే. అంటే ఎదురుగాలికి కొంత పోయినా ఏదో ఒక ఒడ్డు అందుతుంది. తిరిగి వచ్చేటప్పుడు 8,500. ఈ ఎత్తుకు ధనుష్కోటి దాటాక కాదు, రామనాథపురం చేరేలోపే ఎక్కి ఉండాలి.

ఈ దారి మీకు ఇస్తారా లేదా అన్నది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చేతిలో ఉంది. రామనాథపురం దగ్గర ఉచ్చిపుళిలో నౌకాదళ వైమానిక స్థావరం, ఐఎన్ఎస్ పరుందు ఉంది. చెన్నై, కొలంబో గగనతలాల సరిహద్దు ఈ నీటి మీదే. కాబట్టి ఈ బిందువులను అక్షాంశ రేఖాంశాలతో సహా అనుమతి దరఖాస్తులోనే రాయండి. కొలంబోలోకి విఎఫ్ఆర్‌గా రానిస్తారా, ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే పద్ధతి) అడుగుతారా అన్నదీ అప్పుడే అడగండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నవాళ్లకు ఇక్కడ చాలా సులువు. మీరు కోరిన దారి ఇవ్వక నేరుగా పొమ్మంటే అంత నీటికి తగిన సరంజామాతోనే వెళ్లండి, లేదంటే మానుకోండి.

లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే చాలదు, తిరుచ్చిలోనే ఒంటి మీద వేసుకోవాలి. విమానం లోపల దాన్ని ఊదకూడదని పక్కవాళ్లకు చెప్పండి. ఊదితే నీళ్లు నిండే క్యాబిన్‌లోంచి తలుపు దాకా రాలేరు. నీటిలో దిగాల్సివస్తే తాకకముందే తలుపులు గడియ తీసి ఉంచాలి. లైఫ్ రాఫ్ట్ వెనక డిక్కీలో కాదు, చేయి అందే చోట పెట్టండి. ప్రమాద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మీ పేరున రిజిస్టరై ఉండాలి. మన దేశంలో ఆ సంకేతాలు అందుకునే కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో ఉంది. బీకన్ రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు ఇప్పటికీ పనిచేసేదేనా చూసుకోండి. శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసెంజర్ లాంటివి టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం. విదేశం నుంచి ఎవరో తెచ్చిచ్చారని వెంట తీసుకెళ్లకండి.

ఏ నెలలో

జనవరి చివరి నుంచి మార్చి నడుమ వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తమిళనాడు తీరాన్ని, జాఫ్నాను తడుపుతాయి. తుఫాన్ల కాలమూ అదే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు లంక పడమటి, దక్షిణ తీరాల మీద ఉంటాయి. ఆ నెలల్లో తూర్పు తీరం పొడిగా ఉన్నా అక్కడికి చేరాలంటే తడిసే వైపు నుంచే వెళ్లాలి.

మన వైపు ఎండను మరవకండి. పుట్టపర్తి ఫీల్డు సముద్రమట్టానికి సుమారు 1,550 అడుగుల ఎత్తున ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఐదు వేల అడుగుల ఎత్తున ఉన్నంత పలచగా ఉంటుంది. కడప ఇంకా కిందే ఉన్నా అదే ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి లెక్కించే ఎత్తు, మూడున్నర వేల అడుగులకు చేరుతుంది. రన్‌వే సరిపోతుంది, ఇబ్బంది అంతా క్లైంబులోనే. నిండు ట్యాంకులతో శేషాచలం, పాలకొండల వైపు నిదానంగా ఎక్కాల్సివస్తుంది. పొద్దున్నే బయల్దేరండి. అయితే జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజామున పొగమంచు పడుతుంది కాబట్టి సూర్యుడు కాస్త పైకొచ్చేదాకా ఆగాలి. ఎనిమిది ఎనిమిదిన్నరకు చక్రాలు నేల విడిస్తే తిరుచ్చి పని ముగించుకుని మధ్యాహ్నానికి లంక చేరతారు.

కాగితాలు

శ్రీలంక సివిల్ ఏవియేషన్ అథారిటీకి ల్యాండింగ్ అనుమతి కోసం రాసేటప్పుడు విమానం రకం, రిజిస్ట్రేషన్, గరిష్ఠ బరువు, యజమాని, పైలట్, ప్రయాణికుల వివరాలు, వచ్చే పోయే బిందువులు, దిగే ప్రతి ఫీల్డు, తేదీలు, వేళలు, ప్రయాణ ఉద్దేశం అన్నీ ఒకే లేఖలో ఉండాలి. ఒక్కొక్కటే పంపితే ఫైలు వెనక్కి పోతుంది. తేదీలకు ముందూ వెనకా రెండు రోజుల వెసులుబాటు అడగండి. ఇటు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు కూడా రాసి, కావాల్సిన అనుమతి చేతికి తీసుకోండి.

విమానంలో ఉండాల్సినవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, జర్నీ లాగ్ బుక్, రేడియో లైసెన్సు, మీ లైసెన్సు, మెడికల్, ఆర్‌టీఆర్ (విమాన రేడియోలో మాట్లాడే అర్హత పత్రం), ప్రయాణికుల జాబితా. విమానం మీ పేరున లేకపోతే యజమాని ఇచ్చిన అధికార పత్రం. బీమా పాలసీలో భౌగోళిక పరిధి అన్న గడి చదవండి. అక్కడ భారత్ అని మాత్రమే ఉంటే శ్రీలంకను, మధ్యలోని సముద్రాన్ని చేరుస్తూ ఎండార్స్‌మెంట్ రాయించండి. అందరికీ పాస్‌పోర్టు, ప్రయాణికులకు శ్రీలంక ఈటీఏ (ముందే తీసుకునే ప్రవేశ అనుమతి) ఉండాలి. పైలట్‌గా వెళ్లే మీకూ ఈటీఏ కావాలా అన్నది ఏజెంటును అడిగి, అనుమానం ఉంటే తీసుకోండి.

బయల్దేరే రోజున ఫ్లైట్ ప్లాన్ కనీసం గంట ముందు వేయాలి. వేళలు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో. శ్రీలంక గడియారం మనదే కాబట్టి రెండు వైపులా ఐదున్నర గంటలు తీసేస్తే చాలు. సప్లిమెంటరీ సమాచారంలో జాకెట్లు, రాఫ్ట్ రంగు, ఎంతమంది పడతారు అన్నవి నిజంగా ఉన్నట్టే నింపండి, వెతికేవాళ్లు చూసేది వాటినే. ఏడీసీ (వాయు రక్షణ అనుమతి) నంబరు, ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబరు లేకుండా మన గగనతలంలో కదలకూడదు. ఆలస్యమైతే పాత నంబరు చెల్లుతుందో లేదో అడిగి తెలుసుకోండి. నోటమ్‌లు, అంటే పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటనలు, చదివేటప్పుడు మన ప్రాంతానివి రెండు ప్రత్యేకంగా వెతకండి: కర్నూలు దగ్గర డీఆర్‌డీవో ఓపెన్ ఏరియా రేంజ్ (ఆయుధ పరీక్షల ప్రాంతం), చెన్నై మీదుగా వెళ్తే శ్రీహరికోట.

దీవి చుట్టూ

దీవిలో చాలా చిన్న ఫీల్డులు వైమానిక దళం చేతిలో ఉన్నాయి. ట్రింకోమలీ పక్కన చైనా బే, సిగిరియ, అనురాధపుర, వవునియా, వీరవిల, కొగ్గల అలాంటివే. సివిల్ అనుమతి వచ్చినంత మాత్రాన ఇక్కడ దిగవచ్చని కాదు, ఒక్కో దానికి విడిగా సమ్మతి కావాలి. దిగాక ఫొటోలు తీయకండి.

తీరం వెంట సవ్య దిశలో కాకుండా దక్షిణం నుంచి తూర్పుకు తిరగడం నాకు నచ్చిన వరుస. రత్మలాన నుంచి కొగ్గల 56 మైళ్లు, అక్కడి నుంచి మత్తల 51, మత్తల నుంచి బట్టికలోవా 91, అక్కడి నుంచి చైనా బే 58, ఆపైన జాఫ్నా వంద. ప్రతి అంచె గంట లోపే. కొగ్గల సరస్సు రెండో ప్రపంచ యుద్ధంలో నీటి విమానాల స్థావరం. 1942 ఏప్రిల్ 4న అక్కడి నుంచి లేచిన కెటలీనా విమానంలోంచే కెనడా పైలట్ లియోనార్డ్ బర్చల్ లంక మీదికి వస్తున్న జపాన్ నౌకాదళాన్ని చూసి కబురు పంపాడు. ఆ సరస్సు మీద మలుపు తిరిగేటప్పుడు ఈ సంగతి తెలిసుండాలి.

మత్తలలో రన్‌వే మూడున్నర కిలోమీటర్లు, దిగడానికి ఏ ఇబ్బందీ లేదు. చుట్టూ అడవి, పక్షులు, నెమళ్లు, గేదెలు. 2016లో సైనికులను దింపి జంతువులను తరిమించాల్సివచ్చింది. రన్‌వే తనిఖీ చేయించాలని టవర్‌ను అడగడానికి మొహమాటపడకండి.

నడిమి కొండల మీదుగా అడ్డదారి పట్టవద్దు. పిదురుతలాగల శిఖరం 8,281 అడుగులు, శ్రీపాద 7,359. పదకొండు గంటలు దాటితే వాటి మీద మబ్బులు కడతాయి, మధ్యాహ్నం ఉరుములు. తూర్పు నుంచి కొలంబో రావాల్సివస్తే తీరం వెంట చుట్టి రండి, లేదా ఉత్తరాన అనురాధపుర మైదానం మీదుగా. ఆ మైదానంలో తంబుత్తేగమ దగ్గరి కుడాగమలో తెలుగు మాట్లాడే అహికుంటిక కుటుంబాలు ఉన్నాయి. రోడ్డు మార్గాన వెళ్లే రోజు ఒకటి దొరికితే పలకరించి రండి.

దీవి చుట్టూ ఐదు అంచెలు కలిపితే 356 మైళ్లు, మూడు గంటల పావు, 110 లీటర్లు. జాఫ్నా నుంచి తిరుచ్చి చేరడానికి 31, రిజర్వు 26. ఐదుసార్లు లేచి దిగడానికి అయ్యేది కూడా కలిస్తే 200 లీటర్లలో మిగిలేది నామమాత్రం. బట్టికలోవాలోనో చైనా బేలోనో ఇంధనం రాతపూర్వకంగా కుదరకపోతే జాఫ్నాను ఈసారికి వదిలేయండి. దక్షిణ తీరం మత్తల దాకా చూసి, వెనక్కి రత్మలాన వచ్చి, ట్యాంకులు నింపి, దేశం దాటే ఫీల్డు నుంచి తలైమన్నార్ మీదుగా ఇంటి దారి పట్టండి.

తిరుగు ప్రయాణం

విఎఫ్ఆర్‌లో మనకు పగలే ఎగరడానికి వీలుంది, సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాలకు మించి గాల్లో ఉండకూడదు. తిరుచ్చిలో కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, కొత్త ఫ్లైట్ ప్లాన్, కొత్త ఏడీసీ, ఇంధనం అన్నీ ముగిసేసరికి రెండు గంటలు పోతాయనుకోండి. కడపకు రెండు గంటలు. కడపలోనూ, ఓర్వకల్లులోనూ టవర్ పనివేళలు విమానాల షెడ్యూలును బట్టి ఉంటాయి, వేళ దాటాక దిగాలంటే ముందే ఒప్పించాలి. కొలంబోలో ఉదయం తొమ్మిదిలోపు లేవలేకపోతే ఆ రోజు కడప ఆలోచన మానుకోండి. తిరుచ్చిలో విమానాన్ని తాళ్లతో కట్టేసి, ఊళ్లో గది తీసుకుని, ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి రేపు వస్తామని చెప్పండి.